గాలాపగోస్ తెరచాప ఓడ: అప్పు చేసి వెళ్లాలా, రెండేళ్లు ఆగాలా?

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో సైన్స్ టీచర్ని, వయసు 47. మావారు ప్రైవేటు ఉద్యోగి, 51 ఏళ్లు. వచ్చే ఫిబ్రవరికి మా పెళ్లై 25 ఏళ్లు. దక్షిణ అమెరికాలో ఈక్వెడార్ దేశానికి చెందిన గాలాపగోస్ దీవుల చుట్టూ చిన్న తెరచాప ఓడలో తిరగాలని, పెంగ్విన్లను, ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షులను కళ్లారా చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. 16 మంది పట్టే ఓడలో 8 రోజులకు ఏజెంటు మనిషికి 5,600 డాలర్లు చెప్పాడు. ఈ వారంలో మొత్తం కట్టేస్తే 10 శాతం తగ్గిస్తానంటున్నాడు. మాకు ఎఫ్‌డీలు 9 లక్షలు, అమ్మాయి ఎంఎస్ కోసం మ్యూచువల్ ఫండ్లలో 22 లక్షలు ఉన్నాయి. అమ్మాయి ఇప్పుడు బీటెక్ మొదటి సంవత్సరం. ఇంటి లోను ఇంకా 14 లక్షలుంది. ఈఎంఐ, సిప్‌లు, ఇంటి ఖర్చు 80 వేలు పోను నెలకు 40 వేలు మిగులుతుంది. బోనస్ ఏడాదికి లక్ష దాకా వస్తుంది. మావారు 10 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామంటున్నారు. పైగా ఆయనకు ఘాట్ రోడ్డెక్కితేనే వాంతులు! ఏం చేయమంటారు?

జవాబు: టీచర్ గారూ, ముందు జవాబు చెప్పేసి తర్వాత లెక్కల్లోకి వెళ్తాను. తప్పకుండా వెళ్లండి. కానీ వచ్చే ఫిబ్రవరికి వద్దు. అప్పు చేసి అసలే వద్దు. అమ్మాయి 22 లక్షల జోలికి పోవద్దు. వచ్చే ఏడాది కాకుండా ఆ పై ఏడాది మే నెలకు పెట్టుకోండి. అంటే మీ చేతిలో 26 నెలలున్నాయి.

ఆగమంటున్నది డబ్బు కోసమే అనుకోకండి. మీరు చూడాలనుకుంటున్న ఆల్బట్రాస్ ఫిబ్రవరిలో అక్కడ ఉండదు. అక్కడి రకం ఆల్బట్రాస్‌లు దాదాపు అన్నీ ఎస్పాన్యోలా అనే ఒక్క దీవిలోనే గుడ్లు పెడతాయి. ఏప్రిల్ నాటికి వచ్చి, డిసెంబరు దాకా ఉండి, మళ్లీ సముద్రం మీదికి వెళ్లిపోతాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆ దీవిలో వాటి గూళ్లుండే చోటు ఖాళీగా ఉంటుంది. ఇంత డబ్బు పోసి ఖాళీ నేల చూసి రావడం నాకు నచ్చలేదు. ఏజెంటు మీకు ఈ మాట చెప్పాడా? మే నెలలో మీకు వేసవి సెలవులు. సముద్రం కూడా ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఉన్నంత ఎగుడుదిగుడుగా ఉండదు, మీవారికి అదొక మేలు అనుకోండి.

ఇక ఖర్చు. ఏజెంటు చెప్పిన 5,600 ఓడ టికెట్ మాత్రమే. డాలరుకు 90 రూపాయల చొప్పున ఇద్దరికీ మొత్తం వేసి చూశాను. ఓడకు 11,200 డాలర్లు. ఈక్వెడార్ నగరాలైన కీటో లేదా గుయాకిల్ నుంచి, గాలాపగోస్‌లో విమానాశ్రయం ఉన్న బాల్ట్రా దీవికి రానూపోనూ విమానం 900 వేసుకోండి. నేషనల్ పార్కు ప్రవేశ రుసుము విదేశీయులకు 2024 ఆగస్టు నుంచి 100 డాలర్లు కాస్తా 200 అయింది, ఇద్దరికీ 400. విమానం ఎక్కేముందు తీసుకునే ట్రాన్సిట్ కార్డుకు మనిషికి 20 చొప్పున 40. ఓడ సిబ్బందికి, గైడుకు ఇచ్చే టిప్పు అక్కడ ఆనవాయితీ, తప్పించుకోలేరు, దానికి 400. స్నార్కెలింగ్‌కు (నీటిపై తేలుతూ లోపలి జీవులను చూడడం) సూటు అద్దె, కూల్‌డ్రింకులకు 160. కీటోలో మూడు రాత్రుల బస, తిండి 500. అన్నీ కలిపితే 13,600 డాలర్లు, అంటే 12.24 లక్షలు. ఇక్కడి నుంచి ఈక్వెడార్‌కు ఇద్దరి విమానానికి 3.4 లక్షలు, వీసాలు, ఇన్సూరెన్స్, టీకాలకు 60 వేలు వేశాను. మొత్తం 16.24 లక్షలు.

2014లో డాలరు 60 రూపాయల దగ్గరుండేది. రెండేళ్లలో అది 96కి పోయిందనుకుంటే ఇంకో 82 వేలు కలుస్తుంది. అందుకని 17.5 లక్షలు లక్ష్యంగా పెట్టుకుందాం.

ఎనిమిది రోజులకు బదులు నాలుగు రోజుల ట్రిప్పుకు వెళ్తే సగం మిగులుతుంది కదా అని చాలామంది అడుగుతారు. మిగలదు. పైన చెప్పినవాటిలో విమానాలు, వీసాలు, పార్కు రుసుము, కీటో బస ఎన్ని రోజులు తిరిగినా మారవు. ఓడ మీద కాలు పెట్టకముందే సుమారు 5.66 లక్షలు అయిపోతాయి. పైగా మొదటి రోజు మధ్యాహ్నానికి గానీ ఓడ దగ్గరికి చేరరు, చివరి రోజు పొద్దున్నే విమానాశ్రయానికి తోలేస్తారు. నాలుగు రోజులంటే చేతికొచ్చేది రెండు నిండు రోజులు. ఎనిమిదంటే ఆరు. అంత దూరం వెళ్లాక ఆరే తీసుకోండి.

ఇక మీవారి లోను సంగతి. 10 లక్షలు 13 శాతానికి నాలుగేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 26,800. వడ్డీ ఒక్కటే 2.88 లక్షలు. ఏజెంటు ఇస్తానంటున్న 10 శాతం తగ్గింపు ఇద్దరికీ కలిపి 1,120 డాలర్లు, అంటే లక్ష రూపాయలు. లక్ష మిగుల్చుకోవడానికి 2.88 లక్షలు కడతారా? ఇంటి లోను మీద టాప్ అప్ తీసుకుంటే వడ్డీ తక్కువే, కానీ మీ ఆయన రిటైరయ్యేదాకా ఆ ఓడ ప్రయాణానికి కిస్తీలు కడుతూనే ఉంటారు. రెండూ వద్దు.

దాచే పద్ధతి ఇది. 9 లక్షల ఎఫ్‌డీల్లో 5 లక్షలు పక్కన పెట్టండి. అది ఆరు నెలల ఇంటి ఖర్చు, అత్యవసరానికి. మిగిలిన 4 లక్షలు ఈ ప్రయాణానికి కేటాయించి అలాగే ఉంచితే 6.5 శాతం వడ్డీతో 4.6 లక్షల దాకా అవుతుంది. నెలనెలా మిగిలే 40 వేలు ఆర్‌డీలో వేస్తే 26 నెలలకు అసలే 10.4 లక్షలు, వడ్డీతో 11.1 దాటుతుంది. రెండు బోనస్‌లు కలిస్తే 17.7 లక్షలు. వడ్డీ మీద పన్ను పోయినా లక్ష్యానికి దగ్గరగానే ఉంటారు. షేర్లు, ఈక్విటీ ఫండ్లు మాత్రం వద్దు. వెళ్లే తేదీ ఖాయంగా ఉన్న డబ్బు మార్కెట్ పడిన నెలలో తీయాల్సి వస్తే ఆ టెన్షన్ ఎవరికి కావాలి? అన్నట్టు, అమ్మాయి 22 లక్షలు మొత్తం ఈక్విటీలోనే ఉంటే వచ్చే ఏడాది నుంచి దాన్నీ కొంచెం కొంచెంగా డెట్ ఫండ్లలోకి జరపడం మొదలుపెట్టండి. మీరడగలేదు, కానీ ఎంఎస్‌కు మూడేళ్లే ఉంది.

ఈ 26 నెలల్లో మొత్తం సొమ్ము ఒకేసారి అవసరం పడదు. ఓడ కంపెనీలు సాధారణంగా బుకింగ్ నాడు కొంత భాగం అడ్వాన్సుగా తీసుకుని, మిగతాది బయల్దేరడానికి రెండు మూడు నెలల ముందు కట్టమంటాయి. మీరు ఏడాది ముందు బుక్ చేస్తే అడ్వాన్సుకు ఆ నాలుగు లక్షల ఎఫ్‌డీ సరిపోతుంది, మిగతాదానికి ఆర్‌డీ. రెండింటి గడువులూ ఆ నెలలకు కుదిరేలా పెట్టుకోండి. చివరి నిమిషం తగ్గింపులు లేవని కాదు. సాంటా క్రూజ్ దీవిలో, ప్వెర్తో అయోరా ఊళ్లో నెల రోజులు ఖాళీగా తిరగగలిగే కుర్రాళ్లకు అవి బాగానే దొరుకుతాయి. వీసా తెచ్చుకుని, విమానం టికెట్ కొనుక్కుని, సెలవు పెట్టుకుని వెళ్లే మీకు కాదు.

తెరచాప సంగతి చెప్తే మీ మనసు నొచ్చుకుంటుందేమో. గాలాపగోస్‌లో తెరచాప ఓడలు చాలావరకు ఇంజిన్ మీదే నడుస్తాయి. ఒక దీవి నుంచి ఇంకో దీవికి రాత్రిపూట, టైము ప్రకారం చేరాలి, గాలి కోసం ఎదురుచూసే వీలుండదు. గాలి బాగున్న రోజు కాసేపు చాపలెత్తుతారు, ఫొటోలు అద్భుతంగా వస్తాయి. ఆ కాసేపటి కోసం ఇరుకు కేబిన్, ఎక్కువ ఊపు భరించాలి. మీవారి కడుపును దృష్టిలో పెట్టుకుంటే కాటమరాన్, అంటే నీటిలో పక్కపక్కనే రెండు అడుగు భాగాలున్న ఓడ, నయం, నీటి మీద తక్కువ ఒరుగుతుంది. అదే ధరలో దొరికితే నేనైతే అదే తీసుకుంటాను. ఆ ఒక్క తెరచాప కోసమే పాతికేళ్లు కలగన్నానంటారా, సరే, మీ డబ్బు, మీ పెళ్లిరోజు. ఓడ మధ్యలో, కింది అంతస్తులో కేబిన్ అడగండి.

అసలు మీరు డబ్బు పెడుతున్నది ఓడకు కాదు, దారికి. ఇక్కడ ఓడ తనకు నచ్చిన చోటికి వెళ్లలేదు. దారి పార్కు అధికారులు ఖరారు చేస్తారు. కొద్ది మినహాయింపులు తప్ప 14 రోజుల్లోపు ఒకే చోటికి రెండోసారి వెళ్లకూడదన్నది నియమం. అందుకే ప్రతి ఓడకూ రెండు వారాల చక్రం ఉంటుంది, మీకు అందులో ఒక వారం అమ్ముతారు. పడమటి వారమైతే ఇసబెలా, ఫెర్నాండినా దీవులు: పెంగ్విన్లు, ఎగరలేని నీటికాకులు, సముద్రంలో ఈదే ఇగ్వానాలు (ఉడుము లాంటి జీవులు). తూర్పు, దక్షిణం వారమైతే ఎస్పాన్యోలా, ఆల్బట్రాస్‌లు. ఉత్తరాన జెనొవేసా అయితే ఎర్ర పాదాల బూబీలు అనే సముద్రపక్షులు. ఏ వారమన్నది ఓడ పేరు కన్నా ముందు అడగాలి. మీకు ఆల్బట్రాస్ ముఖ్యమైతే ఎస్పాన్యోలా ఉన్న దారిలోనే బార్తొలొమే దీవి కూడా ఉందేమో చూడండి. అక్కడ పెంగ్విన్ల చిన్న గుంపు ఒకటుంటుంది, కనిపించే అవకాశం ఉంది. ఖాయమని మాత్రం ఎవరూ చెప్పలేరు. చెప్పినవాణ్ణి నమ్మకండి.

16 మంది ఓడ ఎంచుకోవడం మాత్రం మంచి పని. ఒక గైడుకు 16 మందికి మించి ఉండకూడదని అక్కడి నియమం, కాబట్టి అందరూ ఒకేసారి దిగి ఒకేసారి చూస్తారు. నూరు మందిని తీసుకెళ్లే పెద్ద ఓడలూ ఉన్నాయి, అంతకు మించి అనుమతి లేదు.

కాంట్రాక్టులో ఒక వాక్యం వెతకండి: ఓడ మరమ్మతులో ఉంటే ‘అదే స్థాయి’ వేరే ఓడ ఇస్తాం అని. అలా మార్చితే దారి కూడా మారిపోవచ్చు. దారి మారితే డబ్బు వాపసు అని రాయించుకోగలిగితే రాయించుకోండి. ఇన్సూరెన్స్‌లో ట్రిప్ రద్దు, వైద్యం కోసం దీవుల నుంచి ప్రధాన భూభాగానికి తరలింపు, రెండూ ఉన్నాయో లేదో చూడండి. పెద్ద జబ్బు చేస్తే వెయ్యి కిలోమీటర్ల సముద్రం దాటాలి.

ఏజెంటు టీసీఎస్ అని కొంత అదనంగా వసూలు చేస్తాడు. గాబరా పడకండి, అది ఖర్చు కాదు, మీ పాన్ కింద ముందే జమయ్యే పన్ను. రిటర్నులో సర్దుబాటు అవుతుంది లేదా వాపసు వస్తుంది. దాని రేటు ఈ మధ్య చాలాసార్లు మారింది, కట్టే నెలలో ఎంతుందో రాతపూర్వకంగా అడగండి. ఇద్దరూ ఎవరి టికెట్ డబ్బు వాళ్ల ఖాతా నుంచే కట్టండి. ఈక్వెడార్‌లో 2000 నుంచి అమెరికా డాలరే చెల్లుతుంది, వేరే కరెన్సీకి మార్చుకునే పని లేదు. పార్కు రుసుము, టిప్పులకు నగదు చేతిలో ఉండాలి, చిన్న నోట్లు తీసుకెళ్లండి. క్రెడిట్ కార్డు గీకితే చాలా కార్డులు విదేశీ మారకం పేరుతో మూడు శాతం పైన కోస్తాయి.

విదేశీ ప్రయాణానికి మీ శాఖ అనుమతి సెలవులకు చాలా ముందే పెట్టుకోండి, అది ఆలస్యమై అడ్వాన్సు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. భారతీయులకు ఈక్వెడార్ వీసా కావాలి. దారిలో అమెరికా లేదా ఐరోపా మీదుగా విమానం మారితే ఆ ట్రాన్సిట్ వీసా సంగతి కూడా టికెట్ కొనకముందే తేల్చుకోండి. ఇంకొకటి, ఎల్లో ఫీవర్ టీకా. ఈక్వెడార్ నుంచి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆ సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుంటేనే చెల్లుతుంది, అధీకృత కేంద్రాల్లోనే వేస్తారు. ఏప్రిల్ మొదటి వారంలో ఇద్దరూ వెళ్లి వేయించుకోండి. ఆ వెళ్లినప్పుడే మీవారికి ఓడ వాంతులు ఆపే మాత్ర ఏది సరిపడుతుందో డాక్టరును అడిగేయండి.