కొత్త వంతెన అంటారు, వయసు చూస్తే మన పురానాపూల్‌ది

పోయిన నెల ఈ పేజీలో పారిస్‌ సెన్ నది వంతెనల ఫొటో ఒకటి వేశాం, అంతే, వచ్చిన మెయిల్స్ అన్నీ పారిస్ మీదే. అందులోనూ ఎక్కువమంది అడిగింది ఒక్క వంతెన గురించే. సరే, ఈసారికి మిగతా ఊళ్ళన్నీ పక్కన పెట్టేశా.

ప్రశ్న: మా అబ్బాయి పారిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో నేనూ మావారూ వెళ్తున్నాం, వారం రోజులు ఉంటాం. వాడి లిస్టులో ఐఫిల్ టవరూ డిస్నీల్యాండూ ఉన్నాయి గానీ నాకు పాత రాతి కట్టడాలంటే ఇష్టం. మ్యాప్‌లో "పాంట్ న్యూఫ్" అని కనిపించింది. అంటే కొత్త వంతెన అట కదా, కొత్తదాన్ని చూడ్డానికి అంత దూరం పోవాలా? మావారికి మోకాళ్ళ నొప్పులు కూడా. (ఒక పాఠకురాలు, విజయవాడ)

ముందు పేరు సంగతి చూద్దామండి. దాన్ని దాదాపుగా "పోన్నఫ్" అని పలుకుతారు, మీ అబ్బాయి నవ్వేలోపు నేర్చేసుకోండి. అర్థం కొత్త వంతెనే, కానీ పారిస్‌లో సెన్ మీద ఇప్పుడు నిలబడి ఉన్న వంతెనలన్నిట్లోకీ అదే పాతది. 1578లో మొదలుపెట్టి 1607కి పూర్తిచేశారు, ముప్పై ఏళ్ళు ఎందుకు పట్టిందంటే మధ్యలో మతం పేరుతో అంతర్యుద్ధం నడిచింది, పని ఏళ్ళకేళ్ళు ఆగిపోయింది. శంకుస్థాపన చేసిన మూడో హెన్రీ రాజు ఆ రోజు తన స్నేహితుల అంత్యక్రియల నుంచి నేరుగా వచ్చి కళ్ళు తుడుచుకుంటూనే రాయి వేశాడట, అందుకని దీన్ని కన్నీళ్ళ వంతెన అనాలని జనం జోకులేసుకున్నారని చెప్తారు. తర్వాత నాలుగో హెన్రీ వచ్చి, పారిస్‌లోకి వచ్చే వైన్ పీపాల మీద పన్ను వేసి ఆ డబ్బుతో పూర్తి చేయించాడు. మందు మీద పన్నుతో పనులు నడిపించడం మన ప్రభుత్వాలు కనిపెట్టిందేం కాదన్నమాట.

మరి కొత్తేంటి అంటారా, అప్పట్లో పారిస్ వంతెనల మీద రెండు పక్కలా వరసగా ఇళ్ళూ కొట్లూ ఉండేవి, వంతెన మీద నడుస్తున్నామో సందులో నడుస్తున్నామో తెలిసేది కాదు, నది కనపడితే ఒట్టు. 1499లో నోత్రదామ్ వంతెన ఇళ్ళతో సహా నదిలోకి కూలిపోయింది కూడా. పోన్నఫ్ మీద ఇళ్ళు కట్టనివ్వలేదు, నడిచేవాళ్ళకి బండ్ల దారి కంటే ఎత్తులో విడిగా ఫుట్‌పాత్ వేశారు. ఇప్పుడు మనకిది పెద్ద విషయంలా అనిపించదు, కానీ వంతెన మీద ఆగి నదిని చూడటం అనే సరదా పారిస్ వాళ్ళకి మొదలైంది ఇక్కడే. అందుకే మొదటి రోజుల నుంచీ అది తిరునాళ్ళలా ఉండేది, పాటలు పాడేవాళ్ళు, పుస్తకాలు అమ్మేవాళ్ళు, నాటకాలు, నకిలీ మందులు అమ్మేవాళ్ళు, అందరి ముందే పళ్ళు పీకేవాళ్ళు, వీళ్ళందర్నీ నోరు తెరుచుకుని చూసేవాళ్ళ కోసం జేబుదొంగలూ!

మీవారి మోకాళ్ళకి వంతెనతో ఇబ్బంది లేదు. మొత్తం పొడవు 230 మీటర్ల పైచిలుకు, అంతే. నది మధ్యలో ఉన్న సీటే ద్వీపం కొస మీదుగా పోతుంది కాబట్టి ఒక పక్క 7 కమానులు, ఇంకో పక్క 5. ప్రతి స్తంభం మీదా పిట్టగోడ అర్ధచంద్రాకారంగా బయటికి వస్తుంది, అక్కడ రాతి బెంచీలుంటాయి, అలిసినప్పుడల్లా కూర్చోవచ్చు. మధ్యలో గుర్రం మీద నాలుగో హెన్రీ విగ్రహం ఉంటుంది. మొదటిది 1614లో పెట్టారు, విప్లవం రోజుల్లో 1792లో జనం దాన్ని పడగొట్టారు, తర్వాత కరిగించేశారు. ఇప్పుడున్నది 1818లోది, దానికి కంచు ఎక్కడిదంటే నెపోలియన్ విగ్రహాన్ని కరిగించింది. ఒక రాజుని కరిగించి ఇంకొకర్ని పోత పోయడం వాళ్ళకి అలవాటే.

ఇబ్బందల్లా ఆ విగ్రహం వెనకున్న మెట్లతోనే. అవి దిగితే వంతెన కంటే దాదాపు 7 మీటర్ల కింద చిన్న పార్కు వస్తుంది, పేరు వెర్ గలాన్, పాతకాలంలో ద్వీపం నేల ఎత్తు అదేనట. మెట్లు నిటారుగా ఉంటాయి, తడిగా ఉంటే అసలు వద్దు. కానీ దిగగలిగితే మాత్రం మానకండి, ఎందుకంటే పోన్నఫ్ అసలు అందం పైన లేదు, కిందుంది. వంతెన అంచు పొడుగునా 380కి పైగా రాతి ముఖాలు చెక్కారు, కోరమీసాలు, కొమ్ములు, వెక్కిరింతలు, ఏ రెండూ ఒక్కలా ఉండవు. చాలావరకు 19వ శతాబ్దంలో మళ్ళీ చెక్కి పెట్టినవే, అయినా చూడాల్సినవే. పై నుంచి నడిచిపోయేవాళ్ళలో సగం మందికి అవి ఉన్నాయనే తెలీదు. మెట్లు దిగాక ఆ పార్కు పక్కనుంచే గంటసేపు తిప్పే పడవలు బయల్దేరతాయి, కమానుల కిందనుంచే పోతాయి కాబట్టి ముఖాలు తలెత్తితే చాలు కనపడతాయి. మెట్లు కుదరకపోతే ఐఫిల్ టవర్ దగ్గర ఎక్కే పడవ చూసుకోండి, అది కూడా ఇటు వచ్చి తిరుగుతుంది.

టైం అంటారా, జూన్‌లో అక్కడ సూర్యుడు రాత్రి పదింటికి గానీ దిగడు. పార్కు కొస పడమర వైపే ఉంటుంది, తొమ్మిదింటికి వెళ్ళి కూర్చోండి. వంతెనకి టికెట్ లేదు, గేటూ లేదు, మెట్రో 7వ లైన్లో దాని పేరుతోనే స్టేషన్ ఉంది.

ఇంకోటి, నా అనుభవం. పిట్టగోడ దగ్గర నిలబడి ఫొటో తీసుకుంటుంటే ఒకాయన నా కాళ్ళ దగ్గర వంగి బంగారు ఉంగరం దొరికిందండీ ఇది మీదేనా అన్నాడు, కాదన్నా, అయితే మీ అదృష్టం ఉంచుకోండి అని చేతిలో పెట్టి రెండడుగులు వేసి వెనక్కొచ్చి ఆకలేస్తోంది ఏమన్నా ఇవ్వండి అన్నాడు, నేను జాలిపడి పది యూరోలు ఇచ్చా. ఉంగరం ఇత్తడిది. సెన్ వంతెనల మీద ఇది అందరికీ తెలిసిన పాత నాటకమేనని ఆ రాత్రి హోటల్లో చెప్పారు. మీరు ఉంగరం ముట్టుకోకుండా నడుచుకుంటూ పోండి చాలు.

ప్రశ్న: మా ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది, మన పురానాపూల్‌ని పారిస్ వంతెనతో పోల్చారని. ఇలాంటివి రోజుకి పది వస్తాయి కాబట్టి నేను నమ్మలేదు, మా బావమరిది నమ్మాడు. ఎవరు కరెక్ట్? (ఒక పాఠకుడు, కార్వాన్, హైదరాబాద్)

ఈసారికి మీ బావమరిదేనండి, ఒప్పేసుకోండి. పోల్చింది తావెర్నియే అనే ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి, 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చి వెళ్ళిన మనిషి. భాగ్‌నగర్‌లో, అంటే మన హైదరాబాద్‌లో, నది మీద ఉన్న పెద్ద రాతి వంతెన అందంలో పారిస్ పోన్నఫ్‌కి పెద్దగా ఏం తీసిపోదు అని తన ప్రయాణాల పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన 1605లో పారిస్‌లోనే పుట్టాడు, అంటే పోన్నఫ్ పూర్తయ్యేటప్పటికి రెండేళ్ళ పిల్లాడు, ఆ వంతెన చూస్తూ పెరిగినవాడు. మూసీ ఒడ్డుకొచ్చి నిలబడగానే అదే గుర్తొచ్చిందంటే అది మాటవరసకి అన్న పొగడ్త కాదు, ఇంటి మీద బెంగ కూడా కొంచెం ఉండుంటుందని నాకనిపిస్తుంది.

మెసేజ్‌లో లేని సంగతి ఇంకోటి చెప్తా, మీ గ్రూపులో మీరే పెట్టండి. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్ సంవత్సరం కూడా 1578. ఇక్కడ పని ముగిసిన ఏడే అక్కడ మొదలైంది. అక్కడ దానికి కొత్త వంతెన అని పేరు, నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా అదే పేరు. మన దానికి పక్కన వేరేవి వచ్చాక పాత వంతెన అని పేరు పడింది, నయాపూల్ అని ఇంకోటి వేరే ఉంది కూడా. ఒకే ఈడు వాళ్ళు, ఒకరిని బుజ్జీ అనీ ఇంకొకరిని ముసలాయనా అనీ పిలుస్తున్నట్టుంది.

భాగమతి కోసం కట్టారన్న కథ కూడా ఆ మెసేజ్‌లో ఉండే ఉంటుంది, ప్రియురాలిని చూడ్డానికి యువరాజు మహమ్మద్ కులీ పొంగుతున్న మూసీలో గుర్రం దూకించాడనీ అది చూసి తండ్రి వంతెన కట్టించాడనీ. కథ బావుంది గానీ 1578కి ఆ యువరాజుకి పన్నెండు పదమూడేళ్ళు. కట్టడానికి పట్టిన టైం కూడా తీసేస్తే ఇంకా చిన్నపిల్లాడు. గోల్కొండ కోట నుంచి అవతలి ఒడ్డుకి సరుకులు దాటాలి కదా, అది చాలు కారణం.

వరదలు కూడా ఇద్దరూ దాదాపు ఒకేసారి చూశారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ పోయాయి, ఊరు రెండు ముక్కలైతే కలిపి ఉంచింది పురానాపూల్ ఒక్కటే. 1910 జనవరిలో సెన్ పొంగి పారిస్ వీధుల్లో పడవలు తిరిగాయి, పోన్నఫ్ నిలబడింది. తేడా అంతా ఆ తర్వాతే. అక్కడ 1994 నుంచి 2007 దాకా రాయి రాయి చూసి బాగుచేశారు. మన దగ్గరికి నేను పోయినసారి వెళ్ళినప్పుడు వంతెన మీద కూరగాయల బళ్ళు, కింద మురుగు కంపు, కమానుల్లో మొలిచిన రావి మొక్కలు. కూరగాయలు అమ్మితే తప్పని అనట్లేదు, పోన్నఫ్ మీద పళ్ళు పీకారు కదా. ఆ మొక్కలు మాత్రం ఎవరైనా పీకాలి.

ప్రశ్న: వరంగల్‌లో సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నా. సిమెంటూ స్టీలూ లేకుండా నాలుగు వందల ఏళ్ళు ఎలా నిలబడిందండీ? మన వాళ్ళ సున్నంలాంటిదేనా?

సున్నం గచ్చే, మన డంగు సున్నానికి దూరపు చుట్టం. కమానులో రాళ్ళన్నీ ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉంటాయి, లాగే బలం దాదాపు ఉండదు, అందుకే ఇనుము అక్కర్లేదు, ఇది నీకు నాకంటే బాగా తెలియాలి. కానీ "చెక్కుచెదరకుండా" నిలబడింది అనుకోకు. ఫ్రెంచ్ వాళ్ళు మనిషి ఆరోగ్యంగా ఉన్నాడు అనడానికి పోన్నఫ్‌లా ఉన్నాడు అంటారు, నిజానికి అది చాలాసార్లు ఆపరేషన్లు అయిన మనిషి. పునాదుల్లో లోతుగా దుంగలు పాతకుండా నదీగర్భం మీద చెక్క చట్రాలు వేసి దాని మీద స్తంభాలు లేపారు, దాంతో కుంగడం మొదటి నుంచీ ఉంది. 1850ల ప్రాంతంలో కమానులు మార్చి దారి ఎత్తు తగ్గించారు, 1885లో ఒక స్తంభం కింద నీళ్ళు కోసేస్తే పక్కనున్న రెండు కమానులూ విప్పి మళ్ళీ కట్టారు. ప్రాజెక్టుకి పనికొస్తుంది, స్తంభాలు నది ఎగువ వైపుకి మొనదేలి ఎందుకుంటాయో కూడా రాయి.

ప్రశ్న: కొత్తగా పెళ్ళైంది. వంతెనకి తాళం వేసి తాళంచెవి నదిలో పడేస్తే విడిపోరంట కదా, పోన్నఫ్ మీద వేయొచ్చా? (గుంటూరు)

వద్దమ్మా. ఆ పిచ్చి పక్కనే ఉన్న పోన్ దెజార్ అనే వంతెన మీద ముదిరి, 2014లో తాళాల బరువుకి రెయిలింగు ముక్క ఒకటి ఊడిపడింది, 2015లో మొత్తం పీకేశారు, టన్నులకి టన్నులు. పోన్నఫ్ మీద విగ్రహం చుట్టూ ఉన్న కటకటాలకి వేసినా మునిసిపాలిటీ వాళ్ళొచ్చి కట్ చేసి పట్టుకుపోతారు, అప్పుడు మీ కాపురం సంగతేంటి మరి. దాని బదులు ఇద్దరూ కలిసి లూవ్ర్ మ్యూజియంలో రీజెంట్ వజ్రం చూడండి, వంతెన మీంచి పది నిమిషాల నడక, మన కృష్ణా ఒడ్డు గనుల్లో దొరికిందే, 140 కారెట్లు. 2025 అక్టోబర్‌లో ఆ గదిలోనే దొంగలు పడి రాజుల నగలు ఎత్తుకెళ్ళారు గానీ దీన్ని వదిలేశారు. వెళ్ళేముందు ఆ గ్యాలరీ తెరిచి ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: వంతెన మొత్తాన్ని బట్టతో చుట్టేశారని విన్నా. ఎందుకు? (కర్నూలు)

నిజమే, 1985లో, క్రిస్టో, జాన్ క్లోద్ అనే ఆర్టిస్టు దంపతులు. దాదాపు 41 వేల చదరపు మీటర్ల ఇసుక రంగు గుడ్డ, రెండు వారాలు ఉంచారు, పర్మిషన్లకి మాత్రం పదేళ్ళు పట్టింది. ఎందుకంటే ఏం చెప్పను, రోజూ చూసే ముఖం మీద ముసుగేస్తే అప్పుడు సరిగ్గా చూస్తారని కాబోలు.

ప్రశ్న: వంతెన దగ్గర ఇడ్లీ దొరుకుతుందా? (ఒక పాఠకుడు, రాజమండ్రి)

దొరకదండి. మెట్రో ఎక్కి లా షాపెల్ స్టేషన్లో దిగితే అక్కడంతా శ్రీలంక తమిళుల హోటళ్ళు, ఇడ్లీ, దోసె, వడ అన్నీ ఉంటాయి. చట్నీ మన రుచి కాదు. సాంబారు పరవాలేదు.