ఐవీఎఫ్ కోసం బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది విశాఖ గాజువాక. నాకు 29 ఏళ్ళు, పెళ్ళై మూడేళ్ళు. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉంది, నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. పిల్లల కోసం ఒక ఫెర్టిలిటీ సెంటర్‌కి వెళ్తే మొదటి రోజే ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతి) అన్నారు. ఇంతవరకు మందులేవీ వాడలేదు. మావారి జీతం 38 వేలు, ఎఫ్‌డీ 2 లక్షలు. ఆరు తులాల బంగారం తాకట్టు పెట్టమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. మీరు పంపిన ఎస్టిమేట్ ఫొటో చూశాను. ‘ఐవీఎఫ్ ప్యాకేజీ’ అని ఒక్క లైను, పక్కన మొత్తం. అండాలు ఎదగడానికి ఇచ్చే ఇంజెక్షన్లు అందులోనే కలిశాయా, మొదటిసారి గర్భం నిలవకపోతే రెండోసారికి ఎంత, ఏమీ లేదు. పైగా పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి ఆ ఇంజెక్షన్లతో అండాశయాలు ఉబ్బిపోయే ప్రమాదం ఎక్కువ. అందుకని చాలాసార్లు పిండాలను ఫ్రీజ్ చేసి, తర్వాతి నెలల్లో గర్భంలో పెడతారు. ఆ ఖర్చు మీకు తగిలే అవకాశం ఉంది కాబట్టి విడిగా రాయించుకోండి.

అసలు మీకు అంతదాకా అవసరమా అన్నది ముందు తేలాలి. పీసీఓఎస్‌లో ప్రధాన ఇబ్బంది అండం సరిగ్గా విడుదల కాకపోవడం. వేరే లోపం లేకపోతే డాక్టర్లు ముందుగా లెట్రోజోల్ మాత్రలు ఇస్తారు. నెలసరి మొదట్లో ఐదు రోజులు వాడి, తర్వాత స్కాన్‌లో అండం ఎదిగిందా అని చూస్తారు. అమెరికాలో 750 మంది పీసీఓఎస్ మహిళలపై చేసిన పరిశోధన 2014లో వచ్చింది. ఐదు నెలసరి సైకిళ్ళ వరకు లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి బిడ్డ పుట్టింది. అందరికీ ఫలించదు, నిజమే. కానీ ఐవీఎఫ్‌తో పోలిస్తే చాలా తక్కువ ఖర్చుతో తేలిపోయే దశ ఇది, దీన్ని వదిలి అప్పు చేయడం నాకు సమ్మతం కాదు.

మీవారి వీర్య పరీక్ష మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈ వారమే చేయించండి. అందులో తేడా ఉంటే దారే మారిపోతుంది. ఆ రిపోర్టుతో విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ గైనిక్ ఓపీలో ఇంకో డాక్టర్ మాట కూడా వినండి.

మామూలు హెల్త్ పాలసీల్లో సంతానలేమి చికిత్స సాధారణంగా కవర్ కాదు. కొన్ని కంపెనీల గ్రూపు పాలసీల్లో ఉంటుంది, మీవారిని హెచ్‌ఆర్‌లో అడగమనండి.

మాత్రలు, స్కాన్లు నెల జీతంలోంచే పెట్టుకోండి. వాటితో పాటు నెలకు 5 వేలు ఆర్‌డీ వేయండి. ఐవీఎఫ్ తప్పదని తేలితే ముందు ఆర్‌డీ డబ్బు, తర్వాత ఎఫ్‌డీ మీద లోన్, ఆ తర్వాతే బంగారం. అదీ బ్యాంకులోనే, వడ్డీ నెలనెలా కట్టేలా. అత్తగారి మాటలకి రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదని రాశారు. ఆ టెన్షన్‌లో ఏ కాగితం మీదా సంతకం పెట్టకండమ్మా. రిపోర్టులు రాగానే నాకు మళ్ళీ రాయండి.