పరుగుకి లెగ్గింగ్స్ కొనేముందు

ఒంగోలు

చి. కావ్యకి పెద్దమ్మ దీవించి రాసేది.

పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో ప్రాక్టీసు మొదలుపెట్టావంట. కాళ్ళని బిగువుగా పట్టుకునే కంప్రెషన్ లెగ్గింగ్స్ ఎట్టాంటివి కొనాలో పెద్దమ్మని కనుక్కోమన్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఫోన్లో చెబితే సగం గాలికి పోద్ది. కొట్లో నిలబడి చూసుకోవడానికి కాయితం ఉంటే మేలని రాస్తున్నా.

వేగం పెరుగుద్దని, అలుపు రాదని అట్ట మీద రాసుంటది. నమ్మబాకు. 1600 మీటర్లు పదిన్నర నిమిషాల్లో లాగించేది నీ ఊపిరీ నీ కాళ్ళూ. గుడ్డ వల్ల వేగం పెరుగుద్దని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. మర్నాటి కండరాల నొప్పి కొద్దిగా తగ్గుతుందని మాత్రం కొన్నిట్లో కనపడింది. ఆ సంగతి పక్కన పెట్టినా మంచి జత రెండు పనులు చేస్తది. అడుగు నేలకి తగిలినప్పుడల్లా తొడ కండ, పిక్క కండ అదరకుండా పట్టుకుంటది. తొడలు ఒరుసుకుని తోలు లేవకుండా కాపాడుద్ది. నువ్వు డబ్బులు పెట్టేది ఈ రెండిటికే.

కుర్తీల కింద వేసుకునే లెగ్గింగ్‌తో మాత్రం పరిగెత్తబాకు. దాంట్లో నూటికి తొంభై పైన కాటనే ఉంటది. కాటను చెమట తాగుద్ది గానీ వదలదు. నెల్లూరు ఉక్కలో రెండు రౌండ్లు తిరిగేసరికి తడిసి బరువెక్కుద్ది, మోకాళ్ళ దగ్గర సంచుల్లా సాగుద్ది, నడుము కిందికి జారుద్ది. తడిసిన ఆ గుడ్డ తొడల మధ్య ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే.

కొట్లో ముందు లోపలి కుట్టులో ఉండే తెల్ల లేబుల్ చదువు. నైలాన్ గానీ పాలిస్టర్ గానీ 75 నుంచి 80 శాతం, మిగతాది స్పాండెక్స్ ఉండాలి. స్పాండెక్స్‌నే ఎలాస్టేన్ అనీ రాస్తారు, లైక్రా అనేది దాని బ్రాండు పేరు, మూడూ చూసి కంగారుపడబాకు. అది పదికి లోపు ఉంటే గుడ్డ సాగుద్దేగానీ కండని పట్టదు. నైలాన్ మెత్తగా ఉంటది, ఒరిపిడికి ఎక్కువకాలం ఆగుద్ది. పాలిస్టర్ చవక, తొందరగా ఆరుద్ది, కానీ చెమట వాసన పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. నా ఓటు నైలాన్‌కే. మందం జీఎస్ఎమ్‌లో, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములో, రాసుంటే 200, 240 మధ్యలో చూసుకో. 280 దాటింది మే నెలలో నిన్ను ఉడకేస్తది. లోపల నూగు తేల్చినవి చలిదేశాల వాళ్ళకి, మనకెందుకు?

తర్వాత చేత్తో చూడు. తొడ భాగం దగ్గర గుడ్డని రెండు చేతుల మధ్య జానెడు పట్టుకుని ఒకటిన్నర జానలు వచ్చేదాకా లాగి వదులు. వెంటనే ముడత లేకుండా వెనక్కి పోవాలి. వదిలిన చోట అల అలగా నిలబడితే రెణ్ణెల్లలో మోకాళ్ళు జారిపోద్ది. అడ్డంగా, నిలువుగా రెండువైపులా లాగి చూడు. ఒకవైపే సాగేది కూర్చుని లేచినప్పుడు నడుముని కిందికి గుంజుద్ది.

ఇప్పుడు తిరగేసి కుట్లు చూడు, అసలు విషయం ఇక్కడే ఉంది. మామూలు ఓవర్‌లాక్ కుట్టు లోపలివైపు గట్టులా లేచి ఉంటది. వేలితో రాస్తే తగులుద్ది. వేలికి తగిలింది, రోజూ నాలుగైదు కిలోమీటర్లు ఒరిస్తే తొడకి తగలకుండా ఉంటదా? ఫ్లాట్‌లాక్ అయితే రెండు అంచులూ పక్కపక్కన పడుకుని ఉంటాయి, రెండువైపులా చదునుగా ఉంటది. ఇక రెండు కాళ్ళూ కలిసేచోట చూడు. నాలుగు కుట్లూ ఒక్క బిందువు దగ్గర కలిస్తే, బారుగా అడుగేసినప్పుడు బలమంతా ఆ బిందువు మీదే పడుద్ది. లాంగ్ జంప్‌లో కాళ్ళు ముందుకి చాపినప్పుడు పిగిలేది అక్కడే. దానికి విరుగుడుగా ఆ చోట పలక ఆకారంలో విడిగా ఒక ముక్క వేస్తారు, గస్సెట్ అంటారు. కుట్లని అది పక్కలకి జరుపుద్ది. గస్సెట్ లేనిది ఎంత పెద్ద బ్రాండు అయినా తిరిగి పెట్టెయ్యి.

నడుము పట్టీ మూడు నాలుగు అంగుళాల వెడల్పుండి బొడ్డు మీదికి రావాలి. సన్నటి ఎలాస్టిక్‌ది పరుగులో చుట్టుకుపోయి పొట్టలో దిగబడుద్ది. లోపల బొందు ఉంటే మరీ మంచిది, కానీ బొందు బిగిస్తేనే నిలబడేదైతే అది నీ సైజు కాదు.

సైజు దగ్గరే అందరూ బోల్తా పడతారు. కంప్రెషన్ అన్నాక బిగువుండాలని ఒక సైజు తగ్గించి తెచ్చుకుంటారు. ఆ బిగువు కుట్టేవాళ్ళు ముందే లెక్కేసి పెట్టుంటారు. మళ్ళీ నువ్వు తగ్గిస్తే గుడ్డ అతిగా సాగి పల్చబడి లోపలిది కనపడుద్ది, కుట్లు తెగుతాయి, పొట్ట నొక్కుకుని ఊపిరి నిండా ఆడదు. టైలర్ టేపుతో ఐదు కొలతలు తీసి రాసుకో: నడుము, సీటు బాగా వెడల్పున్నచోట, తొడ లావుగా ఉన్నచోట, పిక్క, గజ్జ నుంచి చీలమండ దాకా పొడవు. టేపు ఒంటికి ఆనాలి, నొక్కకూడదు. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి లార్జ్ అవుద్ది, అందుకని ప్రతిసారీ వాళ్ళ సైజుల పట్టికతో సరిచూసుకో. రెండు సైజుల మధ్యలో పడితే సీటు, తొడ కొలతలు చెప్పినట్టు పో. నడుము కొంచెం వదులైతే బొందు ఉంది.

వేసి చూసేది సాయంత్రం పూట. పొద్దంతా తిరిగాక కాళ్ళు కాస్త పొంగుంటాయి, కొలత నిజం తెలుస్తది. కాళ్ళ పట్టీలు, ఉంగరాలు తీసెయ్యి. కాలు భాగాన్ని చీలమండ దాకా మడత పెట్టుకుని, పాదం దూర్చి, కొంచెం కొంచెంగా పైకి ఎక్కించు. నడుము పట్టుకుని ఒక్క ఊపున గుంజితే గోరు దిగి దారం లేస్తది. వేసుకున్నాక పది గుంజీళ్ళు తియ్యి. మోకాళ్ళు నడుము దాకా లేపుతూ ఉన్నచోటే ముప్ఫై అడుగులు వెయ్యి. నడుము వేలెడు కూడా దిగకూడదు. మోకాలి వెనక ముడతలు పడితే వదులైనట్టు, లేదా నీ ఎత్తుకి పొడవు ఎక్కువైనట్టు. గుంజీలో కిందున్నప్పుడు ట్యూబ్‌లైటు వైపు వీపు పెట్టి అద్దంలో చూడు, గుడ్డలోంచి ఒళ్ళు తెల్లగా మెరిస్తే వద్దు. తీసేశాక కుట్టు గుర్తు అరగంటలో పోవాలి. ఎర్రటి గాడి మిగిలినా, వేసుకున్నప్పుడు పాదం తిమ్మిరెక్కినా సైజు తప్పినట్టే. ఆన్‌లైన్లో తెప్పిస్తే ఇదంతా ఇంట్లో, లోదుస్తుల మీద, ట్యాగు తెంపకుండా చెయ్యి.

పొడవెక్కువైందని మన బజారు టైలర్ దగ్గర కత్తిరించి కుట్టించబాకు. మామూలు మిషను నేరుకుట్టు సాగదు, పాదం దూర్చగానే పటపటా తెగుద్ది. చీలమండకి పైన ఆగే సెవెన్ బై ఎయిట్ అని దొరుకుద్ది, నీ ఎత్తుకి అది సరిపోవచ్చు. ఎండాకాలం మోకాలి పైదాకా వచ్చే కంప్రెషన్ షార్ట్స్ చాలు. తొడలు ఒరిసే బాధ దానితోనే తీరుద్ది, కాళ్ళకి గాలీ తగులుద్ది. లాంగ్ జంప్ చేసే రోజు, మైపాడు బీచ్ ఇసకలో ఉరికే రోజు మాత్రం ఫుల్ వేసుకో, చీలమండ దగ్గర బిగువు చూసుకో. అక్కడ వదులుంటే ఇసక పైకెక్కి పిక్కని గీరుద్ది.

పక్క జేబులో ఫోన్ పెట్టబాకు, అడుగు అడుక్కీ ఊగి నడుముని ఒకవైపు లాగుద్ది. తాళంచెవి వరకు పర్లేదు. లేత బూడిద రంగు కొనబాకు, చెమట మరక చెప్పకుండానే చెప్పుద్ది. నెలసరి రోజులకి నల్లది ఉండాల్సిందే. పైన పొడుగు టీషర్టు వేసుకుంటే అవ్వ కూడా నోరెత్తదు.

ఇంకో మాట. మీ అమ్మ కాళ్ళ నరాలు ఉబ్బాయని నీవి వేసుకుంటానంటే ఒప్పుకోబాకు. దానికి డాక్టరు ఒత్తిడి కొలిచి రాసిచ్చే మేజోళ్ళు వేరే ఉంటాయి. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఇట్టాంటి బిగువు గుడ్డలు తొడగకూడదు.

రెండు జతలు కొను. ఒకటి ఆరుతుంటే ఒకటి. పరుగు అయిపోగానే మార్చేసుకో. తడి లెగ్గింగ్‌తో స్టేడియం స్టాండులో కూర్చుని కబుర్లు చెబితే గజ్జల్లో తామర పట్టుకుంటది, అది ఒక పట్టాన పోదు. ఈవెంట్స్ రోజున కొత్త జత తొడగబాకు. నాలుగైదుసార్లు ఉతికి, ఫుల్ స్పీడులో 1600 పరిగెత్తి చూసినదే వేసుకుని పో.

ఉతకడం: తిరగేసి, చన్నీళ్ళలో, చేత్తో. బ్రష్షు కొట్టబాకు, పిండి మెలిపెట్టబాకు, కంఫర్ట్ పొయ్యబాకు. ఆ కంఫర్ట్ దారాల మీద పూతలా పేరుకుని చెమట లాగనియ్యదు. బ్లీచింగ్ తగిలితే స్పాండెక్స్ చచ్చినట్టే. సెలవలకి కనిగిరి పోయినప్పుడు ఇంకాస్త జాగ్రత్త. అక్కడి బోరు నీళ్ళలో బిళ్ళ సబ్బు నురగ రాదు, తెట్టులా విరిగి గుడ్డలో ఇరుక్కుని బిరుసెక్కిస్తది. లిక్విడ్ సోపు కొంచెం వేసి, రెండుసార్లు జాడించు. మేడ మీద ఎండలో వెయ్యకుండా వరండాలో గాలికి ఆరెయ్యి. తొడలకి వాజలిన్ రాసుకున్న రోజు ఆ జిడ్డు పోయేదాకా ఉతుకు.

ఎంత బాగా చూసుకున్నా రోజూ వాడితే కొన్నాళ్ళకి సీటు దగ్గర గుడ్డ మెరుపెక్కుద్ది, లాగితే నెమ్మదిగా వెనక్కి పోద్ది, పరుగు మధ్యలో నడుము సర్దుకోవాల్సి వస్తది. అప్పుడు దాన్ని ఇంట్లో యోగాకి వాడుకో, స్టేడియానికి వేరేది తీసుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ