మాక్‌బెత్‌ను ముంచింది ఆశా, భయమా?

షేక్‌స్పియర్ నాటకంలో రాజు డంకన్‌ని చంపి తనే రాజైన స్కాట్లండ్ సేనాని మాక్‌బెత్. అతని పతనానికి అధికార దాహమే కారణమా అని అడిగారు. కొంతవరకే. ఎక్కువ పాపం భయానిదే అంటాను నేను.

ఆశపడుతున్నంతసేపు అతని బుర్ర బాగానే పనిచేసింది. డంకన్ తనకి రాజు, బంధువు, ఆ రాత్రికి ఇంటికొచ్చిన అతిథి, పైగా మంచివాడు. చంపకూడదనడానికి ఉన్న కారణాలన్నీ తనకి తనే చెప్పుకుని, ఇక ఈ పని వద్దని భార్యతో అనేస్తాడు కూడా. తర్వాత చేశాడు, కానీ తప్పని తెలిసే చేశాడు. కిరీటం దక్కాక ఆ మాత్రం ఆలోచన కూడా లేదు. తోటి సేనాని బాంక్వో వంశం రాజ్యమేలుతుందని మంత్రగత్తెలు జోస్యం చెప్పారని బాంక్వోనీ, కొడుకు ఫ్లీయన్స్‌నీ చంపడానికి మనుషుల్ని పంపుతాడు. ఆ జోస్యాన్ని నమ్మితే అది ఎలాగూ జరుగుతుంది, నమ్మకపోతే చంపాల్సిన పనే లేదు. ఇంత చిన్న సంగతి అంత పెద్ద యోధుడికి తట్టలేదు! చివరికి తనని ఎదిరించిన ప్రభువు మాక్‌డఫ్ ఇంగ్లండ్ పారిపోయాడని తెలిసి అతని భార్యాపిల్లల్ని చంపిస్తాడు. వాళ్ల వల్ల సింహాసనానికి ఏం ముప్పు?

అన్నట్టు, అంతా అతని భార్య లేడీ మాక్‌బెత్ వల్లే అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డంకన్ విషయంలో ఆమె రెచ్చగొట్టింది, నిజమే. బాంక్వో హత్య సంగతి ఆమెకి ముందు చెప్పనేలేదు కదా. నాటకం సగంలో ఆపేసి తీర్పులు చెప్తారు.

భయం గురించి ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, కాలేజీలో ఈ నాటకం వేసినప్పుడు మాక్‌బెత్ వేషం నాది. పట్టుబట్టి సంపాదించుకున్నాను. బాంక్వోగా నా స్నేహితుడు. ఒకరోజు రిహార్సల్లో నేను డైలాగ్ మర్చిపోతే వాడు పక్కనుంచి అందించాడు. అంతే, నా డైలాగులన్నీ వాడికి ఎందుకు వచ్చని నాకు టెన్షన్ పట్టుకుంది. వేషం లాక్కుంటాడనే అనుకున్నాను, నిద్ర కూడా పట్టేది కాదు. విందు సీన్లో బాంక్వో దెయ్యం వచ్చి మాక్‌బెత్ కుర్చీలో కూర్చుంటుంది, అతనికి తప్ప ఎవరికీ కనపడదు. ఆ దెయ్యాన్ని స్టేజీ మీదకి తేవద్దు, ఖాళీ స్టూలు పెడదాం, ప్రేక్షకులే ఊహించుకుంటారని డైరెక్టర్‌తో వాదించాను. అలా ఆడించేవాళ్లు నిజంగానే ఉన్నారు కాబట్టి ఆయన ఒప్పుకున్నారు. నేను కళ గురించే మాట్లాడుతున్నానని నాకూ అనిపించింది, అదే ఇందులో భయంకరమైన విషయం. వాడి సీన్ ఒకటి తగ్గించాలన్నదే అసలు ఉద్దేశం.

నాటకం రోజు ఆ ఖాళీ స్టూలు ముందు నిలబడ్డాను. రిహార్సల్లో వాడు కూర్చుని రెప్ప వేయకుండా చూస్తుంటే నాకు చేతులు వాటంతటవే వణికేవి. ఇప్పుడు ఎదురుగా చెక్క స్టూలు తప్ప ఏమీ లేదు. ఎటు చూసి భయపడాలో తెలియలేదు, అరిచాను, అరుపులా కూడా లేదు, రెండు లైన్లు మింగేశాను.

అయిపోయాక మేకప్ గదిలో వాడే వచ్చి, స్టూలు మరీ వెనక్కి పెట్టేశారా, నీకు సరిగ్గా కనపడలేదా అని అడిగాడు. అవునన్నాను.