నొప్పి మాత్రలు మానలేకపోతున్నారు... ఒక్కసారిగా ఆపేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. వెన్నెముక ఆపరేషన్ తర్వాత నొప్పికి ట్రమడాల్ మాత్రలు రాశారు. ఎనిమిది నెలలైనా మానలేకపోతున్నారు. రాసిన దానికన్నా ఎక్కువ వేసుకుంటున్నారు, మాకు తెలియకుండా దాచుకుంటున్నారు. నిద్ర కోసం ఆల్ప్రజోలం కూడా వాడతారు. కోపం పట్టలేక ఓ రోజు ట్రమడాల్ అంతా పారేశాను. రెండో రోజుకే చెమటలు, వణుకు, విరేచనాలు, ఒళ్లంతా నొప్పులు. భయపడి మళ్లీ తెచ్చి ఇచ్చాం. గదిలో పెట్టి తాళం వేసైనా మాన్పించమని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి? ఇంత ప్రమాదకరమైన మందుల్ని ప్రభుత్వాలు ఎందుకు నిషేధించవు?
- ఓ పాఠకురాలు

జవాబు: మాత్రలు మళ్లీ తెచ్చి ఇచ్చినందుకు బాధపడకండమ్మా. ఆ పరిస్థితిలో అదే సరైన పని. ట్రమడాల్ ఓపియాయిడ్ కుటుంబానికి చెందిన మందు. మార్ఫిన్, కోడీన్, ఆక్సీకొడోన్ కూడా ఈ కోవలోవే. వీటిని నెలల తరబడి వాడితే మెదడు అలవాటు పడిపోతుంది. అదే ఉపశమనానికి మరింత డోసు కావాల్సి వస్తుంది, మందు అందకపోతే మీరు చూసిన లక్షణాలన్నీ మొదలవుతాయి. ఈ అలవాటు ఎవరికైనా వస్తుంది, దాన్నే వ్యసనం అనలేం. అయితే మీ నాన్నగారు దాచుకోవడం, సొంతంగా డోసు పెంచుకోవడం చూస్తే వ్యసనం కూడా మొదలైందేమోనన్న అనుమానం వస్తోంది. ఆ విషయం సైకియాట్రిస్టు పరీక్షించి తేల్చాలి.

మీ లేఖలో నన్ను ఎక్కువగా భయపెట్టింది ఆల్ప్రజోలం. ఊపిరి తీసుకోమని మనకు తెలియకుండానే ఆదేశాలిచ్చే మెదడు భాగాన్ని ఓపియాయిడ్లు మందగింపజేస్తాయి. ఆల్ప్రజోలం లాంటి మందులూ, మద్యమూ ఆ ప్రమాదాన్ని పెంచుతాయి. రెండు రకాలూ కలిపి వాడితే నిద్రలోనే శ్వాస ఆగిపోవచ్చు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఈ రెండు రకాల మందుల మీదా అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. అలాగని ఆల్ప్రజోలాన్నీ రేపటి నుంచి ఆపేయకండి. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు. ఏది ముందు తగ్గించాలో, ఎంత తగ్గించాలో డాక్టరే నిర్ణయించాలి.

గదిలో పెట్టి తాళం వేయడం మాత్రం వద్దే వద్దు. బలవంతంగా కొన్ని వారాలు మాన్పిస్తే ఒంటికి ఆ మందును తట్టుకునే శక్తి పోతుంది. ఆ తర్వాత ఏదో ఒక రోజు నొప్పి భరించలేక పాత డోసే వేసుకుంటే అదే ప్రాణం తీయవచ్చు. మానేసిన కొద్ది వారాల్లోనే ఓవర్‌డోసు ముప్పు ఎక్కువ.

మెల్లగా తగ్గించడమే మార్గం. కొన్ని వారాలు, నెలల నుంచి వాడుతున్నవారికి వారానికి సుమారు పది శాతం చొప్పున, ఏడాది దాటినవారికి నెలకు పది శాతం చొప్పున తగ్గించడం సాధారణ పద్ధతి. లక్షణాలు ఎక్కువైతే ఆ మెట్టు మీదే కొన్నాళ్లు ఆగవచ్చు, తప్పేం లేదు. అసలు నొప్పికి ఫిజియోథెరపీ, ఇతర మందులు ఈలోపే మొదలుపెట్టాలి. నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబలిన్ కూడా ఓపియాయిడ్లతో కలిస్తే శ్వాసను మందగింపజేస్తుంది కాబట్టి సొంతంగా కొని వేయకండి.

వ్యసనమేనని తేలితే బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ అనే మందులున్నాయి. ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగడతారా అని చాలామంది కుటుంబసభ్యులు అడుగుతారు. ఈ మందులు సరైన డోసులో ఇస్తే మత్తెక్కించవు, తహతహ తగ్గిస్తాయి, మనిషిని మామూలుగా పనిచేసుకోనిస్తాయి. ఫ్రాన్స్‌లో 1995 నుంచి సాధారణ డాక్టర్లు కూడా బ్యుప్రెనార్ఫిన్ రాయడం మొదలుపెట్టారు. 1999 నాటికి అక్కడ ఓవర్‌డోసు మరణాలు దాదాపు 80 శాతం తగ్గాయి. ఈ చికిత్స అందరికీ అందుబాటులోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇక నిషేధం సంగతి. క్యాన్సర్ నొప్పితో అల్లాడేవారికీ, పెద్ద ఆపరేషన్లు చేయించుకున్నవారికీ ఈ మందులు కావాలి. వాళ్ల నుంచి లాక్కోవడం క్రూరత్వం. అమెరికా అనుభవం చూడండి. అక్కడ 2012లో డాక్టర్లు రాసిన ఓపియాయిడ్ చీటీలు దాదాపు 25.5 కోట్లు. 2010లో ఆక్సీకాంటిన్ (ఆక్సీకొడోన్ బ్రాండు) మాత్రను మత్తు కోసం సులువుగా నలగగొట్టలేని విధంగా మార్చారు. కానీ అప్పటికే అలవాటుపడిన వారిలో కొందరు హెరాయిన్‌కు మళ్లారు. 2016లో వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఈ మందులు ఆచితూచి రాయమంటూ మార్గదర్శకాలు ఇచ్చాక కొందరు డాక్టర్లు ఏళ్లుగా వాడుతున్న రోగులకు హఠాత్తుగా మందు ఆపేశారు. దీనివల్ల తీవ్రమైన నొప్పి, ఆత్మహత్యల ముప్పు ఉంటాయని 2019లో ఎఫ్‌డీఏ హెచ్చరించాల్సి వచ్చింది. 2022లో సీడీసీ తన మార్గదర్శకాలను సవరించింది. చీటీలు తగ్గుతూ వచ్చినా, అక్రమంగా తయారైన ఫెంటానిల్ అనే అతి శక్తిమంతమైన ఓపియాయిడ్ రాకతో 2021లో ఓపియాయిడ్ ఓవర్‌డోసులతో చనిపోయినవారు దాదాపు 80 వేలు.

అంటే అదుపు మొదట్లోనే ఉండాలి, అలవాటైన వారికి చికిత్స అందాలి. తొలి చీటీలోని రోజుల సంఖ్య ఎంతో ముఖ్యం. 2017లో సీడీసీ ప్రచురించిన పరిశీలనలో, కనీసం ఒక రోజుకు మందు ఇచ్చినవారిలో ఏడాది తర్వాత కూడా వాడుతున్నవారు 6 శాతం. ఎనిమిది రోజులు, అంతకన్నా ఎక్కువకు ఇస్తే అది 13.5 శాతం. రోగి వేరే డాక్టర్ల దగ్గరా ఇవే మందులు తీసుకుంటున్నాడేమో చూపే రికార్డు వ్యవస్థలు మంచివే. అయితే ఆ వివరం చూసి రోగిని బయటికి పంపేస్తే ప్రయోజనం లేదు, కూర్చోబెట్టి మాట్లాడాలి. మిగిలిన మాత్రలను వెనక్కి తీసుకునే ఏర్పాట్లూ కావాలి. దుర్వినియోగం చేసేవారిలో చాలామందికి అవి స్నేహితుల దగ్గరో, బంధువుల ఇంట్లోనో దొరికినవే.

ఇంట్లో మందులు తాళం వేసిన పెట్టెలో ఉంచండి, ఏ రోజు మాత్రలు ఆ రోజే ఇవ్వండి. నలోక్సోన్ గురించి డాక్టర్‌ను తప్పక అడగండి. ఇది ఓపియాయిడ్ ప్రభావాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. అమెరికాలో 2023లో దీని ముక్కు స్ప్రేను చీటీ లేకుండా అమ్మేందుకు అనుమతించారు. తట్టినా లేవకపోవడం, గుర్రుమంటూ ఆగి ఆగి ఊపిరి రావడం, పెదాలు నీలంగా మారడం, కంటిపాపలు సూదిమొనంత కావడం ఓవర్‌డోసు గుర్తులు. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసి, నలోక్సోన్ ఇచ్చి, ఊపిరి లేకపోతే నోటితో శ్వాస అందించండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే మరో డోసు ఇవ్వాలి. దీని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, పైగా ట్రమడాల్‌కు పాక్షికంగానే పనిచేయవచ్చు. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఈ వారంలోనే నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లండి. వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్లండి. చీటీలో ఉన్న సంఖ్య కాకుండా, ఆయన రోజుకు నిజంగా ఎన్ని వేసుకుంటున్నారో ఆయన నోటితోనే డాక్టర్‌కు చెప్పనివ్వండి, మధ్యలో కోప్పడకండి. డోసు తగ్గించే లెక్క ఆ సంఖ్య నుంచే మొదలవుతుంది.