తొలినాటి క్రికెట్ స్కోరు లెక్కలు చరిత్రకారులకు ఎందుకంత విలువైనవి?

18వ శతాబ్దపు ఇంగ్లండులో స్కోరును మొదట కర్ర మీద చెక్కేవారు. పరుగుకో గాటు, లెక్క సులువుగా తేలడానికి మధ్యమధ్య ఒక లోతైన గాటు. జట్టు మొత్తం తేలేది కానీ ఎవరు ఎన్ని కొట్టారో ఆ కర్ర చెప్పలేదు.

అందుకే 1744 జూన్ 18న లండన్ ఆర్టిలరీ మైదానంలో కెంట్, ఇంగ్లండ్ జట్లు ఆడిన మ్యాచ్ కార్డు నిజంగా అపురూపం. రెండు జట్ల వ్యక్తిగత స్కోర్లతో మనకు దక్కిన పూర్తి కార్డుల్లో ఇదే అతి పాతది. ఇంగ్లండ్ 40, 70. కెంట్ 53, 9 వికెట్లకు 58. అంటే ఒక్క వికెట్ తేడాతో గెలుపు! ఇంత తక్కువ స్కోర్లు చూస్తే ఆనాటి గతుకుల పిచ్‌లు కళ్లకు కడతాయి. డ్యూక్ కొడుకు లార్డ్ జాన్ సాక్‌విల్, ఆ కుటుంబం తోటమాలి రోమ్నీ ఒకే జట్టులో కనిపిస్తారు. సామాజిక చరిత్ర రాసేవారికి ఈ ఒక్క వివరమే పెన్నిధి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఆ రోజుల్లో క్యాచ్ పడితే ఫీల్డర్ పేరే రాసేవారు, బౌలర్ పేరు ఉండేది కాదు. బౌల్డ్ అయితేనే అతనికి గుర్తింపు. కాబట్టి అప్పటి బౌలర్ల వికెట్లను నేటి లెక్కలతో పోల్చడం అన్యాయం.