అది ఆయన స్వభావం కాదమ్మా, జబ్బు

ప్రశ్న: మావారికి 43 ఏళ్లు. నాలుగేళ్లుగా దేనిమీదా ఆసక్తి లేదు. ఆఫీసుకు వెళ్తారు, వస్తారు, టీవీ ముందు కూర్చుంటారు కానీ చూడరు. రాత్రి రెండింటికే మెలకువ. 'వాడి తత్వమే అంత' అంటారు అత్తగారు. ఈమధ్య బండి మీద రెండుసార్లు పడ్డారు. మొన్న 'నేను లేకపోయినా మీకేం ఇబ్బంది ఉండదులే' అన్నారు. డాక్టరుకు చూపించాలా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: చూపించాలమ్మా, ఆలస్యం చేయకుండా. ఆ చివరి మాటను 'ఏదో విసుగులో అన్నారు' అని వదిలేయకండి. ఈరోజే పక్కన కూర్చుని 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన వస్తుందని భయం వద్దు, అలా రాదు. చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో పురుగుమందు, ఎక్కువ మాత్రలు ఉంటే ఎలాగైనా ఇవాళే బయటకు పంపేయండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది డిస్తైమియా, అంటే ఏళ్ల తరబడి సాగే తక్కువ స్థాయి డిప్రెషన్ కావచ్చు. రెండేళ్లకు పైగా దాదాపు రోజూ దిగులు, దానికి తోడు నిద్ర చెడటం, నీరసం, ఏకాగ్రత లేకపోవడం లాంటివి. మంచం పట్టరు, ఉద్యోగం మానరు, అందుకే ఇంట్లోవాళ్లకు జబ్బులా కనిపించదు. నా దగ్గరికి ఇలాంటివాళ్లు ఎక్కువగా గ్యాస్, ఒళ్లునొప్పులు అంటూనే వస్తారు. తక్కువ స్థాయి డిప్రెషన్ అంటే ప్రమాదం లేదని కాదు. దీనిమీదే తీవ్రమైన డిప్రెషన్ వచ్చి పడవచ్చు.

బండి మీంచి పడటానికీ నిద్రలేమి, పరధ్యానం కారణం కావచ్చు. కొన్నాళ్లు బండి ఇవ్వకండి, బస్సులో వెళ్లమనండి. నిద్ర కోసం మద్యం తాగుతున్నారేమో కూడా గమనించండి. అది దిగులును ఇంకా పెంచుతుంది.

థైరాయిడ్, విటమిన్ బీ12, రక్తహీనత పరీక్షలు చేయించాలి. వీటిలో తేడా ఉన్నా మనిషి ఇలాగే డల్ అయిపోతాడు. తర్వాత సైకియాట్రిస్ట్ మాత్రలు, కౌన్సెలింగ్ మొదలుపెడతారు. మాత్రల గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇవి నిద్రమాత్రల్లా అలవాటు పడేవి కావు, కానీ బాగుందని సొంతంగా ఆపేయకూడదు.

'పిచ్చి డాక్టరా?' అని ఆయన మొండికేస్తే వాదన పెట్టుకోకండి. 'రాత్రిళ్లు మీకు నిద్ర పట్టడం లేదు కదండీ, దానికోసం ఒకసారి వెళ్దాం' అనండి. చాలామంది ఆ మాటకే కదులుతారు.